వంగని ముద్ర

తొయామా
జూన్ 10

గౌరవనీయులైన ఉబుకాతా తెత్సుజి గారికి,

మంచు ఎడతెగకుండా కురుస్తున్న ఈ రోజుల్లో మీరు, మీ కుటుంబం క్షేమంగా ఉన్నారని తలుస్తాను. (ఈ వాక్యం ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకంలోంచి ఎత్తి రాశాను. అది జనవరి పేజీ అని ఇప్పుడే చూశాను. పెద్దలకు రాసిన ఉత్తరంలో కొట్టివేతలు అమర్యాద అని అదే పుస్తకంలో ఉంది. అందుకని మంచును కురవనిస్తున్నాను.)

నా పేరు ఇనమురా చిహయా. మన మందుల కంపెనీలో మీరు మార్చిలో రిటైరయ్యాక మీ కుర్చీలో కూర్చున్నది నేనే. నిజానికి నేను చేరింది ప్రోగ్రాములు రాయడానికి. డేటాబేస్ అడ్మిన్ పని నాకు తెలియదు, తెలుసని ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. మీరు వెళ్లిన వారమే టోక్యో నుంచి ఒక సలహాదారు వచ్చి, మన డేటాబేస్ క్లౌడ్‌కి మారింది కాబట్టి దాన్ని చూసుకోవడానికి ఇక మనిషి అక్కర్లేదని, ప్రోగ్రాములు రాసేవాళ్లే ఎవరి మార్పులు వాళ్లు చేసుకుంటారని, అనుమానం వస్తే ఏఐ ఉందని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత సోమవారం డేటాబేస్ నత్తనడక మొదలుపెట్టింది. ప్రోగ్రాముల వాళ్లను అడిగితే అది క్లౌడ్ వాళ్ల పని అన్నారు. క్లౌడ్ వాళ్లను అడిగితే డేటా మీది, మాకేం సంబంధం అన్నారు. ఏఐని అడిగితే చాలా మర్యాదగా, 'ఈ విషయంలో మీ డేటాబేస్ అడ్మిన్‌ను సంప్రదించగలరు' అంది. ఆ అడ్మిన్ పోస్టునే కదా మేం రద్దు చేస్తున్నది.

అసలు మనవి ఇది. పోస్టు ఇంకా కాగితం మీద రద్దు కాలేదు. రద్దు చేయడమంటే డేటాబేస్‌లో ఒక మార్పు. ఏ మార్పుకైనా ఫారం మీద ఇంటిపేరు చెక్కిన ముద్రలు మూడు ఉండాలి, అందులో ఒకటి అడ్మిన్‌ది. నా ముద్ర ఆ పోస్టు కింద నమోదు కాలేదు. అంటే అడ్మిన్ అక్కర్లేదని ఒప్పుకుంటూ అడ్మినే ముద్ర వేయాలి. ఫారం జతచేశాను. దయచేసి మీ ముద్ర వేసి పంపండి.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచను. అక్టోబరులో నా పెళ్లి. ఆయన ఉద్యోగం నీగాతాలో. అక్కడి మన శాఖకు బదిలీ అడిగాను, వాళ్లు సరేనన్నారు. కానీ పోస్టు రద్దయ్యేదాకా ఈ కుర్చీ ఖాళీగా ఉండకూడదని జనరల్ విభాగం అధిపతి కురెబయాషి గారు పట్టుబట్టారు. మీ ముద్ర పడకపోతే నేను పెళ్లికూతురి ముసుగుతో కూడా ఈ కుర్చీలోనే ఉంటాను.

ఇట్లు,
మీ కుర్చీలో కూర్చున్న
ఇనమురా చిహయా

తా.క. ప్రతి సోమవారం ఉదయమే ఎందుకు నత్తనడక? ఏఐ మాత్రం ఇంకా పెద్ద సర్వర్ కొనమంటోంది.


హిమి
జూన్ 17

ఇనమురా గారికి,

మీరు పంపిన మంచు అందింది. ఇక్కడ వానాకాలం, దోసకాయలు పిందెల్లోనే కుళ్లిపోతున్నాయి, కాస్త చల్లదనం పనికొచ్చింది.

ముందుగా ఒక మాట. ఇంటికి ఫోన్ చేయవద్దు, మనుషులను కూడా పంపవద్దు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మేం సరిగ్గా రాత్రి భోజనానికి కూర్చోగానే కంపెనీ ఫోన్ మోగేది. రిటైరైన రోజున మా ఆవిడ సెత్సుకో ఫోన్ తీగ పీకి, కంపెనీతో మాటలు ఇక బంద్ అంది. ఉత్తరాలకు మాత్రం ఒప్పుకుంది. ఉత్తరం వచ్చినంత మాత్రాన కూర చల్లారదు కదా అని.

ఇక ముద్ర సంగతి. రిటైరైన మనిషి ఆఫీసు కాగితం మీద ముద్ర వేస్తే అది చెల్లదు. అందుకని మీ ఫారం తిప్పి పంపుతున్నాను. వేరే కారణమేమీ లేదు. నిజంగానే లేదు.

సోమవారం గురించి మీరు కంగారుపడనక్కర్లేదు. సోమవారం బద్ధకం మనుషులకు ఉన్నట్టే యంత్రాలకూ ఉంటుంది. ఒక టీ తాగి వచ్చి చూడండి, సర్దుకుంటుంది.

ఇట్లు,
ఉబుకాతా తెత్సుజి

తా.క. సోమవారం ఉదయం, ఇళ్లలో మన మందుల పెట్టెలు నింపుతూ ఊళ్లు తిరిగే మందులవాళ్లందరూ ఆ వారం వెళ్లాల్సిన ఇళ్ల వివరాలు ఒకేసారి అడుగుతారు. వాటిని ఆదివారమే సిద్ధంచేసి పెట్టే ప్రోగ్రాము ఒకటి ఉండేది. ఇల్లు మారినప్పుడు చీపురు మరిచిపోయినట్టు, క్లౌడ్‌కి మారేటప్పుడు దాన్ని మరిచిపోయి ఉంటారు. పాత సర్వర్లో వెతకండి. కొత్తది కొనకండి.


తొయామా
జూన్ 26

గౌరవనీయులైన ఉబుకాతా గారికి,

పూలు విరబూస్తున్న వేళ నమస్కారాలు. (ఈసారి ఏప్రిల్ పేజీ. దగ్గరికి వస్తున్నాను.)

టీ తాగి వచ్చి చూశాను, నత్తనడకే. మరో టీ తాగాను. తర్వాత మీ తాజా కలం చదివి పాత సర్వర్లో వెతికితే ఆ ప్రోగ్రాము దొరికింది! తెచ్చి పెట్టగానే సోమవారం గుర్రంలా పరిగెత్తింది. ఏమీ అనుకోకపోతే ఒక మాట. మీరు ఉత్తరం పూర్తయ్యాకే అసలు సంగతి గుర్తుతెచ్చుకుంటున్నట్టున్నారు. ఈసారి నేరుగా తాజా కలంతో మొదలుపెట్టగలరా?

మీ ఉత్తరం చూసి కురెబయాషి గారు, 'రిటైరైనవాళ్ల ముద్ర చెల్లదంటే మళ్లీ ఉద్యోగంలో పెట్టుకుందాం, ముద్ర వేశాక తీసేద్దాం' అన్నారు. మేమంతా వాహ్వా అనుకున్నాం. ఫారం నింపుతుంటే తెలిసింది, మిమ్మల్ని ఉద్యోగంలో చేర్చుకోవడం కూడా డేటాబేస్‌లో మార్పే. దానికీ అడ్మిన్ ముద్ర కావాలి. కురెబయాషి గారు కాసేపు గోడకేసి చూసి, భోజనానికి వెళ్లిపోయారు.

ఇంకో తలనొప్పి. డేటాబేస్‌లో మిగులు 1 నుంచి మిగులు 10 దాకా కొన్ని గడులున్నాయి కదా, ఎప్పుడైనా పనికొస్తాయని మీ కాలంలో ఖాళీగా వదిలినవి. ఖాళీ గడులనుకున్నాం. తీరా చూస్తే అన్నిట్లోనూ ఏదో ఒకటి ఉంది, అదేమిటో ఎవరికీ తెలియదు. మిగులు 3లో కొన్ని ఇళ్లకు 1, కొన్నిటికి 2 అని ఉంటే, ఏఐ అది పిల్లల సంఖ్య అయి ఉంటుందని తేల్చింది. మేం తలూపాం. ఫలితంగా కొండ పక్క ఊళ్లో ఒంటరిగా ఉండే దోయి తాతగారి మందుల పెట్టెలో పిల్లల నులిపురుగుల మందు పెట్టి వచ్చారు. ఆయనకు ఎనభై దాటాయి. 'నా గురించి ఊళ్లో ఏమనుకుంటున్నారు?' అని ఆఫీసుకు ఫోన్ చేశారు. దయచేసి చెప్పండి, మిగులు 3 అంటే ఏమిటి?

ముద్ర విషయం కూడా మరోసారి ఆలోచించండి. మా అమ్మ పెళ్లి మంటపానికి మాట ఇచ్చేసింది.

ఇట్లు,
ఇనమురా చిహయా

తా.క. దోయి తాతగారు ఆ మందు వాడేశారట. రుచి బాగుందట, ఇంకోటి ఉంటే పంపమన్నారు.


హిమి
జూలై 4

ఇనమురా గారికి,

తాజా కలంతో మొదలుపెట్టమన్నారు. నాకు అలా రాయడం చేతకాదు. అది చివర్లోనే వస్తుంది, ఎందుకో అడగకండి.

మిగులు 3 నాకు బాగా గుర్తు. చలికాలంలో మంచు పేరుకుని దారి మూసుకుపోయే ఇళ్లు అవి. 1 అంటే కొంచెం మంచు, 2 అంటే ఎక్కువ మంచు. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

మీ అమ్మగారి మంటపం సంగతి చదివి మనసు కరిగింది. పెళ్లి ఆపిన పాపం నాకెందుకు? నిబంధన సంగతి పక్కనపెట్టి ముద్ర వేసి పంపుతున్నాను. కురెబయాషి మరీ పరీక్షగా చూడకుండా త్వరగా పని కానివ్వమనండి. అతను నా కంటే పదేళ్లు చిన్నవాడు, చేరిన కొత్తలో కంపెనీ వాకిట్లో సైకిల్ మీంచి పడితే లేపింది నేనే.

ఇట్లు,
ఉబుకాతా తెత్సుజి

తా.క. మిగులు 3 అంటే మంచు కాదు. కుక్క. 1 అంటే మొరుగుతుంది, 2 అంటే కరుస్తుంది. కొత్తగా చేరిన మందులవాళ్లు ఒకే వేసవిలో వరసగా కాట్లు తినివస్తే అప్పుడు పెట్టిన గడి అది. దోయి గారి ఇంట్లో 2 ఉండాలి. ఆ ఇంటికి కొత్తవాణ్ని పంపలేదు కదా?


తొయామా
జూలై 12

గౌరవనీయులైన ఉబుకాతా గారికి,

ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో నమస్కారాలు. (సరైన పేజీ! పండగ చేసుకున్నాను.)

కొత్తవాణ్నే పంపాం. ప్యాంటు చిరిగింది, మనిషి బాగానే ఉన్నాడు. మిగులు 3 సరిచేశాం. ఒక్క సందేహం, ఉత్తరంలో ఏ అనుమానమూ లేదని రాసి, అదే కాగితం కింద కాదని ఎలా రాయగలిగారు? మీ రెండు మాటలకూ చేతిరాత కూడా తేడాగా ఉంది. చలికి చేయి వంకర పోయిందనుకుందామంటే ఇది జూలై.

ఇప్పుడు దుర్వార్త. మీ ముద్ర చెల్లలేదు. టోక్యో సలహాదారు మన మూడు ముద్రల పద్ధతిని తీసేయకుండా యథాతథంగా యంత్రానికి ఎక్కించాడు. ఫారం స్కాన్ చేస్తే యంత్రం పాత కాగితాల మీది ముద్రతో పోల్చి చూస్తుంది. మీది చూసి 'నమూనాతో కలవడం లేదు' అంది.

కురెబయాషి గారు ఫారం చేతిలోకి తీసుకుని ఒక్క చూపులో కారణం కనిపెట్టేశారు. మీరు ముద్ర నిటారుగా వేశారట. కింది ఉద్యోగి ముద్ర పక్కనున్న పై అధికారి ముద్రకు వంగి దండం పెడుతున్నట్టు ఒక పక్కకు వాలి ఉండాలి కదా. 'ఉబుకాతా గారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎంత చక్కగా వాల్చి వేసేవారు! రిటైర్మెంటు రాగానే మెడ నిలబడింది' అని బాధపడ్డారు. యంత్రం కూడా ఆ వంపు కోసమే వెతుకుతోందని ఆయన గట్టి నమ్మకం. ఇంకో ఫారం జతచేశాను. ఈసారి కొంచెం వాల్చండి. నా కోసం.

ఇట్లు,
ఇనమురా చిహయా

తా.క. సైకిల్ మాట నేను ఆయనకు చెప్పలేదు. మీ ఉత్తరం ఆయనే చదివారు. ఇప్పుడు రోజూ నడిచి వస్తున్నారు.


హిమి
జూలై 19

ఇనమురా గారికి,

కురెబయాషి చెప్పింది ముమ్మాటికీ నిజం. తప్పు వంపుదే. వేరే తప్పు ఉండే అవకాశమే లేదు, మీరెవరూ వేరే చోట వెతకనక్కర్లేదు.

ఈసారి మూడు ఫారాల మీద వేసి పంపుతున్నాను. మొదటిది కొంచెం వాలింది. రెండోది నడుము దాకా వంగింది. మూడోది సాష్టాంగ నమస్కారం, ముద్ర పూర్తిగా పడుకుని ఉంటుంది. ఆయన గౌరవానికి ఏది సరిపోతే అది వాడుకోండి.

చేతిరాత సంగతి అడిగారు. వాన పడితే నా చేతిరాత మారుతుంది. ఇది మా వంశంలోనే ఉంది.

ఇట్లు,
ఉబుకాతా తెత్సుజి

తా.క. వీళ్ల వంశంలో అలాంటిదేమీ లేదు. అమ్మాయీ, బదిలీ రాకపోతే నిన్ను ఏం చేయమంటున్నారు? అది రాయి.


తొయామా
జూలై 30

గౌరవనీయులైన ఉబుకాతా గారికి,

ఈసారి వాతావరణం గురించి రాసే ఓపిక లేదు, క్షమించండి.

మూడు ఫారాలూ తిరిగొచ్చాయి. సాష్టాంగం పెట్టిన ముద్రను చూసి కురెబయాషి గారు మీరు వెటకారం చేస్తున్నారని ముఖం మాడ్చుకున్నారు. ఇంతలో ఎవరో, ఎలా వంచినా యంత్రం ఒప్పుకోవడం లేదంటే అసలు ఈ ఉత్తరాలు రాస్తున్నది ఉబుకాతా గారేనా అని అనుమానం లేవదీశారు. మీటింగు పెట్టారు. పైన ఒక చేతిరాత, కింద ఒక చేతిరాత, పైన మంచు, కింద కుక్క. హిమిలో ఎవరో ఇద్దరు మనుషులు మీ పేరు పెట్టుకుని కంపెనీతో ఆడుకుంటున్నారని తీర్మానించారు. మీరు మీరేనని రుజువు చేసుకోవాలట. రుజువుగా ఏం కావాలని అడిగితే, మీ ముద్ర ఉన్న కాగితం కావాలన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ తాజా కలంలోని ప్రశ్నకు జవాబు. బదిలీ ఎలాగూ కుదిరేలా లేదని కురెబయాషి గారు నన్ను పిలిచి కూర్చోబెట్టి, 'పెళ్లి కోసం ఉద్యోగం మానేయడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే కదా, పూలగుత్తి ఇచ్చి ఘనంగా పంపిస్తాం' అన్నారు. ఆయన మంచికే అన్నారు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా బయటికి వచ్చి ట్రామ్ ఎక్కి, దిగాల్సిన చోట దిగకుండా చివరి స్టేషన్ దాకా వెళ్లిపోయాను.

విచిత్రం ఏమిటంటే ఈ పని నాకు వద్దనుకున్నాను. ఇప్పుడు సోమవారం పొద్దున ఆ డేటాబేస్ చకచకా నడుస్తుంటే చూడబుద్ధేస్తోంది. నీగాతా శాఖ డేటా కూడా ఇందులోనే ఉంది, అక్కడ కూర్చుని కూడా చూసుకోవచ్చు. అదే అడిగితే, లేని పోస్టును ఇంకో ఊరికి ఎలా పంపుతామన్నారు. ఉన్నట్టా లేనట్టా? లేకపోతే నేను కూర్చున్నది దేని మీద?

మీరు ఎవరైనా సరే, ఇద్దరైనా సరే, ఏదైనా దారి చెప్పండి.

ఇట్లు,
ఇనమురా చిహయా

తా.క. మిగులు 7 దేనికీ పనికిరావడం లేదని ఏఐ తేల్చింది. ఆగస్టులో తుడిచేస్తారట. చాలా ఇళ్లకు అందులో గుర్తు ఉంది. అదేమిటో తెలియక అడ్డుకోలేకపోతున్నాను.


హిమి
ఆగస్టు 5

అమ్మా చిహయా,

ఎండలు మండుతున్నాయి. నువ్వు వేళకు తింటున్నావా? ట్రామ్‌లో చివరిదాకా వెళ్లకు, అక్కడ తినడానికి ఏమీ దొరకదు.

నేను ఉబుకాతా సెత్సుకోని. తాజా కలాలు నావి. మా ఆయన ఉత్తరం అంటించే ముందు నాకు చూపిస్తారు, నేను కింద ఒక ముక్క రాస్తాను. తనది చెరిపి నాది పైన రాయమంటే, పరువు పోతుందంటారు. మీ కంపెనీవాళ్లు ఇద్దరు మనుషులని తీర్మానించారు చూశావా, మీ మీటింగులో తేలిన ఒకే ఒక్క నిజం అది.

పెళ్లికి ముందు నేను ఓనుకి సెత్సుకోని. ఇప్పుడు నువ్వు కూర్చున్న చోట నేను కూర్చునేదాన్ని. మందులవాళ్లు నోటితో చెప్పే ఇళ్ల వివరాలన్నీ యంత్రంలోకి ఎక్కించి, గడులు గీసి, ఆ డేటాబేస్‌ను నిలబెట్టింది నేనే. పెళ్లి కుదరగానే నాకూ పూలగుత్తి ఇచ్చి ఘనంగా పంపించారు. పూలు బాగున్నాయి. ఇంటికి తెచ్చేసరికి వాడాయి.

నా కుర్చీ మా ఆయనకు ఇచ్చారు. మొదటి రోజే నీకొచ్చిన చిక్కే ఆయనకూ వచ్చింది. కొత్త అడ్మిన్ ముద్రను నమోదు చేయాలంటే పాత అడ్మిన్ ముద్ర కావాలి, నేను అప్పటికే కిమోనో కొలతలు ఇవ్వడానికి వెళ్లిపోయాను. సొరుగు లాగితే నా ముద్ర కనిపించింది. ఆ ఒక్క పూట గడవాలని దాన్నే వేశారు. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడూ అదే వేశారు. రిటైరయ్యేదాకా అదే వేశారు. కంపెనీలో ప్రతి పెద్దమనిషీ ఆ ముద్ర ఎంత వంగిందో చూశారు గానీ, దాని మీద ఏ పేరు ఉందో ఒక్కరూ చదవలేదు.

మీ యంత్రానికి మర్యాదలు తెలియవు కాబట్టి అది చదివింది. నీకు వచ్చినవన్నీ ఉబుకాతా ముద్రలు. దానికి కావాల్సింది ఓనుకి ముద్ర. అది నా సూదుల పెట్టెలో ఉంది.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఏ ఊరి మందులవాడు వచ్చినా కూర్చోబెట్టి గంటలు గంటలు వినేవారు. డేటాబేస్ మొరాయించి ఫోన్ వస్తే మాత్రం రిసీవర్‌ను చేత్తో మూసి నా వైపు చూసేవారు. నేను చేప ముళ్లు తీస్తూ చెప్పేదాన్ని. ఆయన గొంతు సవరించుకుని అదే మాట ఫోన్లో చెప్పేవారు. చల్లారింది ఆయన కూర కాదమ్మా, నాది. అందుకే తీగ పీకాను. పీకాక ఇల్లు చాలా నిశ్శబ్దమైపోయింది. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇక అసలు సంగతి. నిన్న మా ఆయనను వెంటబెట్టుకుని మీ కురెబయాషి దగ్గరికే వెళ్లాను. నువ్వు భోజనానికి వెళ్లిన వేళ. నా ముద్ర బల్ల మీద పెట్టాను. కుడి పక్కకు తిప్పి, ఎడమ పక్కకు తిప్పి చూసి, చివరికి పేరు చదివాడు. మళ్లీ గోడకేసి చూశాడు. 'మిమ్మల్ని తీసేసిన కాగితం ఎక్కడుంది?' అన్నాడు. 'దాని మీద అడ్మిన్ ముద్ర పడాలి కదా, నేను వేయలేదు' అన్నాను. రికార్డులు వెతికించాడు. ఆ పోస్టులో ఈ రోజుకీ ఉన్నది ఓనుకి సెత్సుకోనే.

కాబట్టి పోస్టు రద్దు ఫారం మీద నేను ముద్ర వేయలేదు. నా ఉద్యోగం నేనే ఎందుకు పీకేసుకుంటాను? నీ బదిలీ ఫారం మీద, పోస్టులో నీగాతా నుంచి ఇంకో మనిషిని కలిపే ఫారం మీద వేశాను. నిటారుగా వేశాను. యంత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పెళ్లి అయ్యాక నువ్వు అక్కడి నుంచి చూసుకో. ఇక్కడి కుర్చీకి మంగళవారం, శుక్రవారం నేను వస్తాను. ఏఐ అడ్మిన్‌ను సంప్రదించమంటే నన్ను సంప్రదించు.

మిగులు 7ను తుడవనివ్వకు. గుర్తు ఉందంటే ఆ ఇంట్లో మనిషి ఒంటరి అని అర్థం. మందులు సర్దేసి వెంటనే లేచి రాకూడదు, కూర్చుని ఒక టీ తాగి రావాలి. దోయి గారికి నులిపురుగుల మందు రుచిగా ఎందుకుందనుకున్నావు? క్లౌడ్‌కి మారాక ఆ గడి ఎవరూ చూడక, ఆయన దగ్గర కూర్చుని టీ తాగినవాళ్లు లేరు. మందు పేరు చెబితే మళ్లీ ఒక మనిషి వస్తాడని ఆశ.

ఇంకొక్కటి. పెళ్లయితే నీ ఇంటిపేరు మారుతుంది. ఇప్పటి ముద్రను సొరుగులో వదిలేసి వెళ్లకు. వెంట తీసుకెళ్లు.

ఇట్లు,
నీ కుర్చీలో ముందు కూర్చున్న, మళ్లీ కూర్చోబోతున్న
ఓనుకి సెత్సుకో

తా.క. (ఇది తెత్సుజి రాస్తున్నది) ఫోన్ తీగ మళ్లీ తగిలించాం. రాత్రి భోజనం వేళ చేసినా ఫర్వాలేదు, మంగళవారం, శుక్రవారం వంట నాదే. మిగులు 3 మాత్రం మంచే అని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.